టోకు వర్తకుని గుర్తించుట

పల్లెలో కిరాణా కొట్టుగాని గుడ్డల దుకాణముగాని పెట్టదలచిన కుర్రవాడు మొట్టమొదట వచ్చునది ఊరి పెద్దలయొద్దకే. హామీ యుండుమనియో, ధాన్యము సొమ్ములో కొంత బదులిమ్మనియో యడుగును. గది అద్దె యెంత, ఊరిలో బేరము సాగునా యని మనము విచారింతుము. సరుకు ఎవరియొద్ద తెచ్చెదవని మాత్రము సాధారణముగా నడుగము. ఆ ప్రశ్నకు సమాధానము లేనివానికి అప్పిచ్చుట గండిపడిన బోదెకు నీరు పెట్టుట వంటిది. ఈ ప్రసంగమున ఆ యొక్క విషయమే చెప్పదలచితిని.

మన ప్రాంతమువారికి టోకు బజారనగా బెజవాడయే. కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప డెల్టా కాలువలలో నీటితోపాటు సరుకుపడవలును నడచినవి. 1893లో నదిపై రైలు వంతెన యేర్పడెను. కాలువలును ఇనుపదారులును కలిసికొన్నచోట వర్తకము పెరిగినది. పడవలు పోయినవి గాని బజారు పోలేదు. గుడ్డలకు వన్‌టౌన్‌లోని వస్త్రలత, కిరాణా సరుకులకు గొల్లపూడిలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ సముదాయము నేటికిని పేరుపొందినవి. బీసెంటు రోడ్డు సందడిని చూచి అదియే టోకు బజారని భ్రమపడరాదు. అది ముఖ్యముగా చిల్లర కొనుగోళ్ల వీధి.

అయినను సమస్తమును బెజవాడలోనే కొనవలెనను నియమము లేదు. పసుపునకు దుగ్గిరాల యున్నది, మిరపకు గుంటూరు యార్డున్నది, నేతచీరలకు మంగళగిరియున్నది, కలంకారీ గుడ్డకు పెడన యున్నది. బందరులో తయారైన రోల్డుగోల్డు నగలను బెజవాడలో కొని, బందరు ప్రక్క పల్లెకే తెచ్చి అమ్మువారిని నేనెఱుగుదును. వారు రెండు దారుల కిరాయిని, నడుమ నొకని లాభమును ఊరక చెల్లించుచున్నారు. సరుకు పుట్టినచోటు దగ్గఱనే యున్నప్పుడు అక్కడికే పోయి విచారించుట మేలు.

సబ్బులు, టీపొడి మొదలగు కంపెనీ సరుకుల సంగతి వేఱు. వీనికి కంపెనీవారే ప్రాంతమునకొక పంపిణీదారుని నియమింతురు. పొట్లముపై ముద్రించిన వినియోగదారుల ఫోను నంబరునకు మాటలాడి, మా మండలమునకు మీ పంపిణీదారుడెవరని యడిగినయెడల తెలియును. అతడు చెప్పు ధరకంటె మిక్కిలి చౌకగా అదే పేరుగల సరుకును బయటివాడు ఇచ్చెదనన్నచో, అది నకిలీయో, గడువు తీరవచ్చినదో యని శంకింపవలసినదే.

నా పూర్వవిద్యార్థి యొకడు గుడివాడ ప్రాంతమున దుకాణము పెట్టినాడు. సెల్‌ఫోనులో నొక ప్రకటన చూచి, పరరాష్ట్రమునుండి చీరలు సగము వెలకు వచ్చునని నమ్మి, 40,000 రూపాయలు ముందుగా పంపినాడు. మొదట లారీ రసీదు ఛాయాచిత్రము వచ్చినది. తరువాత పన్ను కట్టవలెనని మఱికొంత సొమ్మడిగిరి. ఆ తరువాత ఫోను పలుకలేదు. ఆ సొమ్ము వాని తల్లి పుస్తెలతాడు కుదువబెట్టి తెచ్చినది. ఇట్టి మోసము జరిగినప్పుడు సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మాఱకముందే ఫిర్యాదు చేరినచో బ్యాంకువారు దానిని నిలుపుటకు వీలున్నది.

అతడు సొమ్ము పంపకముందే చేయదగిన పని యొకటి కలదు. వర్తకుని జి.ఎస్.టి. సంఖ్య నడిగి తెలిసికొనవలెను. అందు పదునైదు అక్షరములును అంకెలును ఉండును. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెల్పును: మనకు 37, తెలంగాణకు 36. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ సంఖ్యను వేసినచో వ్యాపారి పేరు, నమోదైన తేది, ఆ నమోదు చెల్లుచున్నదో రద్దైనదో ఎవ్వరికైనను ఉచితముగా కనబడును. ఆ పేరు, బిల్లుపై పేరు, సొమ్ము జమయగు బ్యాంకు ఖాతా పేరు మూడును ఒక్కటి కావలెను. దుకాణము పేరొకటి, ఖాతా మఱొక వ్యక్తిదియైనచో కారణము తెలిసినదాక సొమ్మీయరాదు. తినుబండారములు అమ్మువాని బిల్లుపై పదునాలుగంకెల ఆహారభద్రతా సంఖ్య యుండుట 2022 జనవరి 1 నుండి తప్పనిసరియైనది.

కాగితములు సరిగా నున్నంత మాత్రమున సరుకు మంచిదగునా? కాదు. దానికి మచ్చు చూడవలెను. మచ్చు చూపిన బస్తా వేఱు, లారీకెక్కిన బస్తా వేఱు కాకుండ చూచుకొనవలెను. మొదటిమారు రెండు బస్తాలకు మించి కొనక, ఇంటికి తెచ్చి తూచి చూచుట పెద్దల పద్ధతి. కందిపప్పు కిలోకు రెండు రూపాయలు తగ్గించినాడనుకొందము. ఏబది కిలోల బస్తాకు వంద రూపాయలు మిగిలినట్లు తోచును. బస్తాలో అరకిలో తఱుగున్నచో, కిలో 120 చొప్పున అఱువది రూపాయలు పోయినవి. దూరపు కొట్టు గనుక హమాలీకి, కిరాయికి బస్తాకు ఏబది యెక్కువైనచో, మిగులు పోయి పది రూపాయలు నష్టమే వచ్చినది. బేరము చౌకయో కాదో తేల్చునది కొట్టులో చెప్పిన ధర కాదు, ఇల్లు చేరిన ధర.

అరువు విషయమున మఱికొంత జాగ్రత్త కావలెను. పదునైదు దినముల గడువిచ్చెదనని టోకు వర్తకుడు అనుట క్రొత్తవానికి వరమువలె తోచును. రొక్కపు ధర యెంత, అరువు ధర యెంత యని వేఱువేఱుగా అడిగి వ్రాసికొన్నచో, ఆ గడువునకు వడ్డీ యెంత పడుచున్నదో తెలియును. కొందఱు వర్తకులు ఈ ప్రశ్నకు నొచ్చుకొందురు, నొచ్చుకొననిండు. పాడైన సరుకును తిరిగి తీసికొందురా, ఎన్నిదినములలోపల అని కూడ కొనకముందే అడిగి, ఆ మాటను బిల్లు వెనుక వ్రాయించుకొనవలెను. అట్లు వ్రాసియిచ్చుటకు వెనుదీయని వర్తకుడు కొంచె మెక్కువ ధర చెప్పినను, రెండవమారు అతని కొట్టునకే పొమ్మని నేను కుర్రవాండ్రకు చెప్పుచుందును.