ట్రాక్టర్ పొగ రంగును బట్టి ఇంజన్ లోపం గుర్తించడం

పాత ట్రాక్టర్ పొగ వదలగానే "ఇంజన్ దించాలి" అనే మాటకు తొందరపడి ఒప్పుకోవద్దు. అది చిన్న ఖర్చు కాదు, పైగా సీజన్ మధ్యలో బండి షెడ్డులో ఉండిపోతుంది. ముందు పొగ ఏ రంగులో, ఏ సమయంలో వస్తోందో మీరే గమనించండి. పరీక్ష ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో పొగ ప్రాణాంతకం.

నల్ల పొగ వస్తుంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం. దమ్ములో బరువు పడినప్పుడు కాసేపు నల్లగా రావడం మామూలే. ఎప్పుడూ వస్తుంటే మొదట ఎయిర్ క్లీనర్ చూడండి. రోటవేటర్, నూర్పిడి పనుల దుమ్ముకు అది త్వరగా పూడుకుపోతుంది. ఆయిల్ బాత్ రకమైతే కింది గిన్నె విప్పి, బురదలా మారిన ఆయిల్ తీసేసి, డీజిల్‌తో కడిగి, గుర్తు వరకే కొత్త ఆయిల్ పోయాలి. గుర్తు దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. కాగితం ఫిల్టర్ అయితే కడగకుండా మార్చండి. అయినా తగ్గకపోతే నాజిళ్లు పరీక్ష చేయించాలి. ఇంత వరకు ఇంజన్ విప్పే పనే లేదు.

నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఆయిల్ ఎక్కువ పోశారేమో గేజ్ పుల్లతో చూడండి. స్టార్ట్ చేయగానే కొంచెం వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు, సీళ్లు అరిగి ఉండవచ్చు. లోడు మీద ఆగకుండా వస్తూ, ఆయిల్ పోసే మూత దగ్గర కూడా పొగ బుసబుసమని తన్నుతుంటే రింగులు, లైనర్లు అరిగినట్లే. అప్పుడు కూడా కంప్రెషన్ చూపించాకే ఇంజన్ పనికి ఒప్పుకోండి.

చలి ఉదయం కాసేపు తెల్ల పొగ వస్తే భయం లేదు. వేడెక్కాక కూడా డీజిల్ వాసనతో వస్తుంటే డీజిల్ సరిగా మండడం లేదు. ఫిల్టర్‌లో నీళ్లు చేరాయేమో, నాజిల్ పాడైందేమో చూపించండి. రేడియేటర్ నీళ్లు తగ్గుతూ, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారితే మాత్రం వెంటనే ఇంజన్ ఆపేయండి. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, లేదా లైనర్ సీళ్ల దగ్గర నీళ్లు దిగుతుండవచ్చు. "ఈ ఒక్క ఎకరం అయ్యాక చూద్దాం" అంటే బేరింగులు కూడా పోతాయి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు.

ఎన్ని గంటలకు ఎంత ఆయిల్ కలిపారో రాసి ఉంచుకుని మెకానిక్‌కు చూపించండి.