వార్తల్లో పదం: స్క్రాచ్ కార్డు మోసం

కురబలకోట పల్లెకైనా, కుప్పం వీధికైనా పోస్టులో చేరగల మోసమిది. కవరులో రంగుల కరపత్రం, గీకే కార్డు, దరఖాస్తు ఫారం ఉంటాయి. పేరున్న షాపింగ్ కంపెనీ వార్షికోత్సవ లక్కీ డ్రా అని రాసుంటుంది. గీకితే లక్షల రూపాయలో, కారో తగిలినట్టు కనిపిస్తుంది. ఫోన్ చేస్తే ముందు ప్రాసెసింగ్ ఫీజు, ఆపై జీఎస్టీ, ఆపై టీడీఎస్ అంటారు. కట్టేకొద్దీ కొత్త ఖర్చు పుట్టుకొస్తుంది, బహుమతి మాత్రం రాదు.

అసలు ఇంత పెద్ద నగదు బహుమతిపై 30 శాతం పన్నును (టీడీఎస్) ఇచ్చేవాళ్లే మినహాయించుకుని మిగతాది చేతికివ్వాలి. గెలిచినవారు ఎవరి ఖాతాకో ముందుగా పంపాల్సిన పనే లేదు.

అసలు కంపెనీలనూ గుడ్డిగా నమ్మలేం. ఉత్తరాల లక్కీ డ్రాలకు పేరుమోసిన అమెరికా సంస్థ పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్, వస్తువులు కొంటేనే గెలుస్తారన్న భ్రమ కల్పించిందనే ఆరోపణపై 2023లో 1.85 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. మన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ఆశ చూపడమూ, పాల్గొన్నవారికి తుది ఫలితాలు చెప్పకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే.

డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కవరు, కార్డు పారేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి.