మూడు డిగ్రీలు, ఒక సుద్దముక్క

మన సంఘం ఉగాది నాటకానికి తెరలు, హార్మోనియం, పులిహోర గిన్నెలు ఏ బండి మీద వస్తాయో సభ్యులలో చాలామందికి తెలుసు. తెల్లని పాత జపాను పికప్పు. వయసు ఇరవై దాటింది. దానికి డ్రైవరు, కూలీ, మేనేజరు అన్నీ ఒక్కడే. రాయచోటి వైపు నుంచి వచ్చిన తమ్ముడు. తెల్లవారకముందే అల్ అవీర్ కూరగాయల మార్కెట్టులో సరుకు ఎత్తి, కుసైస్, నహ్దా చుట్టుపక్కల కిరాణా కొట్లకు వేస్తాడు. బండి ఒక రోజు ఆగితే కొట్లవాళ్ళు మరో బండిని పిలుస్తారు. వారం ఆగితే ఇతన్ని మరచిపోతారు. సంఘం పనికి మాత్రం ఏనాడూ పైసా పుచ్చుకోలేదు.

ఆ బండి జూలైలో ఒక శుక్రవారం ఉదయం డమాస్కస్ స్ట్రీటులో నిలిచిపోయింది. మాకు ఫోను వచ్చింది. "అన్నా, కింద ఏందో పెద్ద చప్పుడైంది. ఎక్సిలేటరు తొక్కితే ఇంజను అరుస్తా ఉండాది గానీ బండి కదల్లేదు."

వెళ్ళి వంగి చూశాము. ఇంజను నుంచి వెనుక చక్రాలకు శక్తిని మోసుకుపోయే పొడుగాటి గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక కొస ఊడి రోడ్డు మీద ఆని ఉంది. వెనుక క్రాసు విరిగింది. ఊడిన కొస గిరగిర తిరుగుతూ బండి అడుగును బాది, పోతూ పోతూ హ్యాండుబ్రేకు తీగను తెంపేసింది. గొట్టానికి అరచేయంత సొట్ట. అయినా అదృష్టవంతుడే అనాలి. ముందు కొస ఊడి ఉంటే అది రోడ్డులో గుచ్చుకుని, కర్ర పట్టుకుని ఎగిరే ఆటగాడిలా బండిని వెనుకనుంచి పైకి లేపగలదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఇలాంటి బండి షాఫ్టు నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్క వేసుకున్నాక మాకు మంచినీళ్ళు కావలసి వచ్చాయి.

సిగ్గుతో ఒక మాట ఒప్పుకోవాలి. ఉగాది నాడు ఈ బండి రివర్సు చేస్తుంటే కింద నుంచి కిచకిచమని పిచ్చుక కూత వంటిది వినిపించింది. కోయిల కూయవలసిన పండుగకు పిచ్చుక వచ్చిందని మాలో ఒకరు చమత్కరించారు, అందరం నవ్వాము. అది గ్రీజు ఎండిపోయిన క్రాసు పెట్టే మొర అని మాకు తట్టలేదు. క్రాసు అంటే కూడిక గుర్తు ఆకారంలో ఉండే ఉక్కు ముక్క. దాని నాలుగు కొసలకూ నాలుగు కప్పులు, ఒక్కొక్క కప్పులో సూదుల్లాంటి సన్నని రోలర్లు. ఈ దేశపు ఇసుక రబ్బరు సీలు దాటి లోపలికి పోతే గ్రీజు నూరుడు పిండి అవుతుంది. విరిగిన క్రాసు కప్పులో రోలర్లు లేవు. ఎర్రటి తుప్పు పొడి మాత్రం ఉంది.

బండిని తాడు కట్టి కుసైస్ ఇండస్ట్రియల్ ఏరియాకు, మనవాళ్ళ భాషలో సనయ్యాకు, చేర్చాము. అక్కడ మాకు తెలిసిన మెకానిక్కు జగిత్యాల వైపు మనిషి. సోమవారం దాకా చేయి ఖాళీ లేదన్నాడు. అప్పుడు మాలో పౌరుషం లేచింది. ముగ్గురం ఉన్నాము: ఒకరు మెకానికల్ ఇంజనీరు, ఒకరు సివిలు, మేము కెమికలు. శని, ఆదివారాలు సెలవే కదా, మేమే చేసేస్తాము, తమ్ముడికి కూలి ఖర్చు మిగులుతుంది అన్నాము. మెకానిక్కు ఎగాదిగా చూసి, షెడ్డు పక్కన జాగా, ఒక జాకీ, పానాల పెట్టె ఇచ్చాడు.

ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని చట్టం ఉంది. స్వచ్ఛందంగా చేసే మూర్ఖుల సంగతి అందులో ఆలోచించినట్టు లేదు. ఒంటిగంటకు మేము ఆ బండి పక్కనే ఉన్నాము. పానాను గుడ్డ చుట్టి పట్టుకోవలసి వచ్చింది.

బండిని ఫస్టు గేరులో పెట్టాము, ఇక కదలదనుకున్నాము. ముగ్గురు ఇంజనీర్లలో ఒక్కరికీ తట్టలేదు: షాఫ్టు తెగాక గేరు చక్రాలను పట్టుకోదు, వాటి మధ్య సంబంధమే లేదు. హ్యాండుబ్రేకు తీగ సరేసరి. వెనుక భాగం జాకీ మీద ఎత్తి, సివిలు ఇంజనీరు గారు షాఫ్టు అందుకుందామని భుజం దాకా లోపలికి దూర్చారు. ముందు చక్రాలు జానెడు దొర్లాయి, జాకీ ఒరిగింది. మెకానిక్కు ఎక్కడ నుంచి చూశాడో, "సార్, చెయ్యి తియ్యుండ్రి!" అని అరిచాడు. ఆయన చెయ్యి లాగడం, బండి కూలబడడం దాదాపు ఒకేసారి జరిగాయి. మోచేతి దగ్గర చర్మం గీరుకుపోయింది, అంతే. అరగంట ఎవరమూ మాట్లాడలేదు. మెకానిక్కు నాలుగు చెక్క దిమ్మెలు తెచ్చి ముందు చక్రాలకు ఇటూ అటూ పెట్టి, ఇనుప స్టాండ్లు రెండు దూలం కింద నిలిపి, తన పనికి తాను వెళ్ళిపోయాడు. ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ తరువాత పని సాఫీగా సాగింది. వెనుక నాలుగు బోల్టులు, నడుమ బేరింగు దగ్గరవి విప్పి షాఫ్టు కిందికి దించాము. సొట్ట పడిన గొట్టాన్ని సాపు చేసి వాడరాదు. కంటికి కనిపించని వంకర కూడా ఆ వేగంలో బండిని ఊపేస్తుంది. అందుచేత లేతు షాపులో పాత గొట్టం కోసి, కొత్తది వెల్డింగు చేయించి, తిప్పి చూసి బరువు సరిచేయించాము. తేలిక వైపున చిన్న ఇనుప బిళ్ళలు అతికిస్తారు. క్రాసులు రెండూ కొత్తవి వేయించాము. ఒకటి విరిగితే రెండోదానికీ అంతే వయసు కదా.

ఆదివారం సాయంత్రం బిగించేశాము. నహ్దా రోడ్డు మీదికి తీసుకువెళితే అరవై దాటగానే బండి జ్వరం వచ్చినట్టు వణికింది. తమ్ముడి ముఖం చూడలేకపోయాము. అప్పటికి మూడు రోజులు.

సోమవారం ఉదయం మెకానిక్కు కిందికి దూరి ఒక్క నిమిషం చూసి బయటికొచ్చాడు.

"సార్, నడుమ గుంజేటప్పుడు గీత పెట్టిండ్రా?"

"ఏ గీత?"

"చెవులు ఒక్క వరుసల లేవు. గందుకే ఊగుతుంది."

సంగతి ఇది. ఈ షాఫ్టు వెనుక ముక్కలో జారుడు కీలు ఉంది. పళ్ళలో పళ్ళు కూర్చుని ముందుకూ వెనక్కూ జరుగుతుంది. గ్రీజు పెడదామని మేము దాన్ని లాగి, తోచినట్టు మళ్ళీ దూర్చాము. క్రాసు వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం సమంగా ఉండదు. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పది డిగ్రీల వంపులో ఆ తేడా అటు ఒకటిన్నర శాతం, ఇటు ఒకటిన్నర శాతం. రెండు కొసల చెవులూ ఒకే వరుసలో ఉంటే మొదటి క్రాసు చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. వరుస తప్పితే తప్పుకు తప్పు తోడవుతుంది. ఈ కీలుకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు ఒకటి, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హుక్ పేరు మరొకటి ఉన్నాయి. ఈ లెక్క మా మెకానికల్ ఇంజనీరు గారు కాలేజీలో పరీక్షకు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నారట. బండి కింద గుర్తు రాలేదు.

మెకానిక్కు షాఫ్టు దించి, కీలు లాగి, చెవులు కలిపి దూర్చాడు. జేబులోంచి సుద్దముక్క తీసి రెండు ముక్కల మీదుగా ఒక గీత గీశాడు. ఆ గీత మీద పంచితో రెండు చుక్కలు కొట్టాడు, సుద్ద చెరిగినా చుక్కలు ఉంటాయని. గ్రీజు గన్ను తగిలించి నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీజు పైకి వచ్చేదాకా కొట్టాడు. మూడు కప్పుల్లో వచ్చి నాలుగో దాంట్లో రాకపోతే ఆ నాలుగోదే రేపు విరుగుతుందన్నాడు. హ్యాండుబ్రేకు తీగ కూడా మార్చాడు. కూలి సగమే తీసుకున్నాడు. మిగతా సగం మా ముగ్గురి దగ్గరా టీ రూపంలో వసూలు చేశాడు.

సభ్యులలో పికప్పులు ఉన్నవారు తక్కువ. ముందు చక్రాలతో నడిచే మన కార్లలో ఈ పొడుగు షాఫ్టు ఉండదు గాని, చక్రాల దగ్గర రబ్బరు తొడుగుల్లో దాని చిన్న తమ్ముళ్ళు ఉంటాయి. తొడుగు చిరిగితే అదే ఇసుక, అదే కథ. మలుపులో టకటక వినిపిస్తే చిరిగి చాలా రోజులైందని అర్థం. పాసింగుకు ముందు ఒకసారి వంగి చూసుకోండి.

తమ్ముడికి రెండు కొట్లు పోయాయి. ఒకటి తిరిగి వచ్చింది. రెండోది ఇంకా రాలేదు. ఆ వీధిలో ఉండే మన సభ్యులు ఆ కొట్టువానితో ఒక మాట చెబితే మంచిది.

విరిగిన క్రాసు మా బాల్కనీలో తులసికుండీ పక్కన ఉంది. ఇంట్లో ఇప్పటికి రెండుసార్లు పారేయమన్నారు.