లాహోరులో కరచాలనం, ఢాకాలో శిబిరం

ఢాకా నగరంలోని మొహమ్మద్‌పూర్ ప్రాంతంలో ఒక ఇరుకైన బస్తీ ఉంది. దాని పేరు జెనీవా క్యాంపు. 1971 యుద్ధం ముగిశాక నిలువ నీడ కోల్పోయిన ఉర్దూ కుటుంబాలకు రెడ్‌క్రాస్ అక్కడ ఆశ్రయం కల్పించింది. ఆ సంస్థ కేంద్రం జెనీవాలో ఉండటం వల్ల బస్తీకి ఆ పేరు స్థిరపడింది. కొద్ది నెలల కోసమనుకున్న ఆ శిబిరంలో నేడు మూడో తరం, నాలుగో తరం పిల్లలు పెరుగుతున్నారు.

వీరు అక్కడికి ఎలా చేరారు? ఆ కథ తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1947లో దేశ విభజన జరిగినప్పుడు బీహారు, పరిసర ప్రాంతాల నుంచి ఎందరో ముస్లిములు తూర్పు బెంగాల్‌కు వలస వెళ్ళారు. వారి మాతృభాష ఉర్దూ. ఆ నేల భాష బెంగాలీ. 1948 మార్చిలో జిన్నా ఢాకా వెళ్ళి ఉర్దూ ఒక్కటే పాకిస్తాన్ రాజభాష అవుతుందని ప్రకటించారు. దేశ జనాభాలో సగానికి మించిన బెంగాలీల మనసు గాయపడింది. 1952 ఫిబ్రవరి 21న భాష కోసం ఊరేగిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. జీవితమంతా ఉర్దూ చదివి, ఉర్దూ బోధించిన ఈ వ్యాసకర్త ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఏ భాషా మరో భాషకు శత్రువు కాదు. పాలకులు దానిని కర్రగా మార్చి జనం నెత్తిన మోదినప్పుడే అది శత్రువవుతుంది.

1970 డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజీబుర్ రహ్మాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ తూర్పున ఉన్న 162 జనరల్ స్థానాల్లో 160 గెలుచుకుంది. జాతీయ అసెంబ్లీలో పూర్తి ఆధిక్యత దానిదే. అయినా అధికారం దక్కలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. దాదాపు కోటిమంది శరణార్థులై భారతదేశంలోకి వచ్చారు. మృతులు ముప్పై లక్షలని బంగ్లాదేశ్ అంటుంది. ఆ సంఖ్యపై వాదాలున్నా, దారుణం జరిగిందన్నది వాదానికి అతీతం. ఉర్దూ వారిలో కొందరు సైన్యానికి తోడ్పడ్డారు. ఆ నేరానికి ఏ పాపమూ ఎరుగని వేలాదిమంది ప్రతీకారానికి బలయ్యారు. చంపినవారూ, చచ్చినవారూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారే!

డిసెంబరు 16న ఢాకాలో జనరల్ నియాజీ లొంగిపోయారు. తుపాకులు ఆగాయి. కాని దౌత్య సమరం అప్పుడే మొదలైంది. కొత్త దేశాన్ని గుర్తించే దిశగా బ్రిటన్ తదితర దేశాలు కదలగా, పాకిస్తాన్ 1972 జనవరిలో కామన్వెల్త్ నుంచి వైదొలగింది. అదే ఏడు ఆగస్టులో బంగ్లాదేశ్‌కు ఐక్యరాజ్య సమితి సభ్యత్వం రాకుండా చైనా వీటో చేసింది. భారత్ చేతిలో 93 వేలమంది యుద్ధఖైదీలు, పౌర నిర్బంధితులు ఉన్నారు. వారిలో 195 మందిపై యుద్ధ నేరాల విచారణ జరుపుతామని ఢాకా పట్టుబట్టింది. పాకిస్తాన్‌లో చిక్కుబడిన బెంగాలీలు స్వదేశం కోసం ఎదురుచూస్తున్నారు. మనుషులే బేరానికి సరుకయ్యారు.

1973 ఆగస్టు 28 నాటి ఢిల్లీ ఒప్పందం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. 1974 ఫిబ్రవరిలో లాహోరులో ఇస్లామీ దేశాల శిఖరాగ్ర సభ జరిగింది. కువైట్ విదేశాంగ మంత్రి నాయకత్వంలో ఒక ప్రతినిధి బృందం ఢాకా వెళ్ళి మధ్యవర్తిత్వం నెరపింది. ఫిబ్రవరి 22న పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. మర్నాడు ముజీబ్ లాహోరులో అడుగుపెట్టారు. తనను జైల్లో పెట్టిన దేశమే ఆయనకు స్వాగతం పలికింది. ఏప్రిల్ 9న ఢిల్లీలో మూడు దేశాలూ సంతకాలు చేశాయి. నేరాలేమైనా జరిగి ఉంటే ఖండిస్తున్నామని, విచారిస్తున్నామని పాకిస్తాన్ అన్నది. ఆ 195 మందిని క్షమాభావంతో వదిలివేస్తున్నట్లు బంగ్లాదేశ్ ప్రకటించింది. ఆ సెప్టెంబరులో దానికి సమితి సభ్యత్వం కూడా లభించింది.

దేశాలు రాజీ పడ్డాయి. మరి శిబిరాల్లోని వారో? తాము పాకిస్తానీలమని రాసిచ్చినవారిలో సుమారు లక్షా డెబ్బై వేలమందిని మాత్రమే పాకిస్తాన్ తీసుకుంది. 1988లో రాబితా ఆలమే ఇస్లామీతో కలిసి ఒక ట్రస్టు ఏర్పాటైంది. 1993లో మూడు వందల పైచిలుకు మంది పంజాబ్ చేరారు. అంతటితో ఆ పని ఆగిపోయింది. ఏ దేశం కోసం సర్వస్వం పోగొట్టుకున్నారో ఆ దేశమే వారిని మరచింది. చివరకు 2008 మే నెలలో ఢాకా హైకోర్టు, 1971 నాటికి మైనర్లుగా ఉన్నవారు, ఆ తరువాత పుట్టినవారు బంగ్లాదేశ్ పౌరులేనని తీర్పు చెప్పింది. ఓటు వచ్చింది, ఇల్లు రాలేదు.

పాత గాయం అప్పుడప్పుడు సలుపుతూనే ఉంది. 2013లో అబ్దుల్ ఖాదర్ ముల్లాను ఉరితీసినప్పుడు పాకిస్తాన్ జాతీయ అసెంబ్లీ ఆందోళన తెలుపుతూ తీర్మానించింది, ఢాకా నిరసన తెలిపింది. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయాక గాలి మారింది. ఆ నవంబరులో కరాచీ నుంచి నేరుగా సరుకుల ఓడ చిట్టగాంగ్ చేరింది. కాని 2025 ఏప్రిల్‌లో విదేశాంగ కార్యదర్శులు కూర్చున్నప్పుడు ఢాకా మళ్ళీ అవే మూడు మాటలు ఎత్తింది: క్షమాపణ, ఉమ్మడి ఆస్తుల్లో వాటా, శిబిరాల్లోని వారి తరలింపు. ఆ ఆగస్టులో ఢాకా వచ్చిన పాకిస్తాన్ విదేశాంగ మంత్రి ఇషాక్ దార్, ఈ విషయాలు 1974లోనూ, ఆ తరువాత ముషారఫ్ కాలంలోనూ పరిష్కారమయ్యాయన్నారు. ఢాకా ఒప్పుకోలేదు.

సోదరులారా! తగవు పడినవారి మధ్య సయోధ్య చేయడం గొప్ప పుణ్యకార్యమని మనం పిల్లలకు నేర్పుతాం. కాని సయోధ్య అదల్‌తో, అంటే న్యాయంతో కూడి ఉండాలన్న రెండో సగం మరచిపోతాం. లాహోరులో చేతులు కలిశాయి, అది మంచిదే. జరిగిన తప్పును తప్పని నోరారా చెప్పి, నష్టపోయినవాడి హక్కు వాడికి అప్పగించే పని మాత్రం మిగిలిపోయింది. హుఖూఖుల్ ఇబాద్, తోటి మనుషుల హక్కులు, కరచాలనంతో మాఫీ అయ్యేవి కావు. అన్నదమ్ముల ఆస్తి తగాదాకైనా, రెండు దేశాల తగాదాకైనా ఈ సూత్రం ఒక్కటే. జెనీవా క్యాంపులో పెరుగుతున్న పసివాడికి 1971 గురించి ఏమీ తెలియదు. దాని బాకీ మాత్రం వాడే తీరుస్తున్నాడు.