పాత గాజుపాత్ర పుట్టుపూర్వోత్తరములు

బంగారు నగ నాణ్యమును గీటురాయి చెప్పును. రాగిశాసనముపై రాజు పేరును, సంవత్సరమును చెక్కబడి యుండును. గాజుపాత్రకు ఇట్టి సౌకర్యము తరచుగా ఉండదు. మూడువందల ఏండ్లనాటి గాజుగిన్నెయు, నిన్న మొన్న దాని నమూనాలో చేసిన గిన్నెయు ప్రక్కప్రక్కన ఉంచినచో, అలవాటులేని కంటికి ఒక్కటిగనే తోచును. వెలలో మాత్రము హస్తిమశకాంతరము. నకిలీలు పుట్టుటకు ఇదియే కారణము. అయినను గాజు తన పుట్టుకకు సాక్ష్యమును తనలోనే ఉంచుకొన్నది. దానిని వెలికి తీయుటకు ఉన్నతపాఠశాలలో నేర్పు భౌతిక, రసాయనశాస్త్రములే చాలవరకు సరిపోవును.

ఇసుకను క్షారముతో కలిపి కరగించి చల్లార్చగా గాజు ఏర్పడును. సోడాయు, సున్నమును చేరినది సామాన్యపు గాజు. సీసపు ఆక్సైడు చేరినది సీసపుగాజు. బజారులో దీనిని ‘క్రిస్టల్’ అందురు గాని, నిజమునకు ఇందులో స్ఫటికనిర్మాణము ఏమియు లేదు!

సీసపుగాజు కథలో లండనుకు ముఖ్యస్థానము కలదు. 17వ శతాబ్దమున యూరపులో మేలైన గాజుకు వెనిస్ నగరపు చేరువనున్న మురానో ద్వీపము పేరుపొందియుండెను. దానికి దీటైన గాజును చేయవలెనని జార్జి రావెన్స్‌క్రాఫ్టు అను వర్తకుడు పూనుకొని, 1674లో పేటెంటు పొందెను. చెకుముకిరాళ్లను పొడిచేసి క్షారముతో కరగించుట అతని పద్ధతి. కాని ఆ తొలి పాత్రలు కొలది కాలమునకే మసకబారినవి. వాని యందు సన్నని పగుళ్లు సాలెగూడువలె అల్లుకొనినవి. క్షారము హెచ్చై, దానిని పట్టియుంచు ద్రవ్యములు తగ్గుటయే దీనికి కారణము. గాలిలోని తేమ ఆ క్షారమును కొద్దికొద్దిగా బయటికి లాగివేయును. ఈ జబ్బునకు మందుగా సీసపు ఆక్సైడు పాలును పెంచిరి. లోపము తీరినదని 1676లో ప్రకటన వెలువడినది. కొనువారికి నమ్మకము కలుగుటకై పాత్రపై చిన్న గాజుబిళ్లను అంటించి, అందు బొంతకాకి తలను ముద్రించిరి. రావెన్ అనగా ఆంగ్లమున బొంతకాకి. ఆ ముద్రగల పాత్రలు నేడు బహు అరుదు. విచిత్రమేమనగా, ముద్ర పడిన పాత్రలలో కూడ కొన్ని అదే జబ్బున పడినవి. ముద్రనొక్కదానినే నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

సీసపుగాజును గుర్తించుటకు పాఠశాలలోని త్రాసు చాలును. పాత్రను దారముతో వ్రేలాడదీసి గాలిలో ఒకమారును, నీటిలో పూర్తిగా ముంచి మరియొకమారును తూచవలెను. గాలిబుడగలు చిక్కుకొనకుండ చూచుకొనవలెను. గాలిలో 200 గ్రాములు తూగిన పాత్ర నీటిలో 120 గ్రాములు తూగినదనుకొందము. తగ్గిన 80 గ్రాములు అది తొలగించిన నీటి బరువు. 200ను 80చే భాగింపగా 2.5 వచ్చును. ఇది సోడాగాజు సాంద్రత. నీటిలో 134 గ్రాములు తూగినచో భాగఫలము 3 దాటును. నూటికి 24 పాళ్లు సీసపు ఆక్సైడు గల గాజు ఇంచుమించు ఈ బరువునకు వచ్చును. పగుళ్లుగల పాత్రను, బంగారుపూత గలదానిని మాత్రము నీట ముంచరాదు. అంచును వ్రేలితో మీటి మ్రోతను వినుట మరియొక పరీక్ష. సీసపుగాజు చాలసేపు మ్రోగును గాని, మ్రోత పాత్ర ఆకారమును బట్టియు మారును గనుక ఇది అంత గట్టి సాక్ష్యము కాదు.

ఈ పరీక్ష సేకరించువారికే కాదు, ఇంటివారికిని పనికివచ్చును. పులుపు సీసపుగాజునుండి సీసమును కరగించి లాగును. నిమ్మరసము, ఊరగాయ వంటివానిని అట్టిపాత్రలో నిలువచేయుట హానికరము. సీసము ముఖ్యముగా పిల్లల మెదడును చెరచును.

ఇక రంగు సంగతి. ఇసుకలోని ఇనుము గాజునకు పచ్చనిచాయ ఇచ్చును. దానిని పోగొట్టుటకు పూర్వము మాంగనీసు కలిపెడివారు. అట్టి గాజు ఏండ్లతరబడి ఎండలో ఉన్నచో లేత ఊదారంగునకు తిరుగును. మోసగాండ్రు ఈ రంగును కృత్రిమ కిరణములతో కొలది కాలములోనే తెప్పింపగలరు. బొహీమియాలో జోసెఫ్ రీడెల్ 1830 తరువాతి దశకమున యురేనియముతో పసుపు, ఆకుపచ్చ గాజులను చేసి, వానికి తన భార్య అన్నా పేరు పెట్టెను. అతినీలలోహిత దీపము క్రింద యురేనియము గాజు కండ్లు జిగేలుమను ఆకుపచ్చగా వెలుగును. మాంగనీసు గాజు కూడ మందముగా పచ్చగా వెలుగవచ్చును. తొందరపడువారు ఇచ్చటనే పొరబడుదురు.

పనివాని చేతిగుర్తులు వేరు. ఊదిన పాత్ర అంచును తీర్చుటకు దాని అడుగున ఇనుపకడ్డీని అంటించి, పని ముగిసినపిదప విరుతురు. అచ్చట మిగులు గరుకుమచ్చ పాత్రకు బొడ్డువంటిది. నేడును చేతితో ఊదిన గాజునకు ఈ మచ్చ ఉండవచ్చును గనుక, అడుగున పడిన గీతలను భూతద్దముతో చూడవలెను. వాడుకవలన పడిన గీతలు నలుదిక్కులకు పోవును. గరుకుకాగితముతో రుద్దిన గీతలు ఒకే దిక్కున సాగును.

తయారీదారుల ముద్రలలో కొన్ని తేదీని కూడ తెలుపును. బ్రిటనులో 1842 నుండి 1883 వరకు నమోదైన నమూనాలకు వజ్రాకారపు ముద్ర కలదు. దాని కొనయందు రోమను అంకె మూడు ఉన్నచో అది గాజుసామాను. అందలి తేదీ నమూనా నమోదైన దినము. పాత్ర పుట్టినది అంతకు తరువాతనే. గేట్స్‌హెడ్ పట్టణపు సోవర్బీ వారిది నెమలితల. ఫ్రాన్సున రెనె లాలిక్ 1945లో మరణించిన పిమ్మట సంతకమునుండి ‘ఆర్’ అను అక్షరము తొలగినది. కాని సంతకమును ఆమ్లముతో ఎవరైన చెక్కవచ్చును. త్రాసును మోసగించుట అంత సులభము కాదు.

తెలుగువారు ఎరిగిన గోలీసోడా సీసాయు ఈ కోవలోనిదే. 1870 ప్రాంతమున ఇంగ్లండులో హైరమ్ కాడ్ దీనిని కల్పించెను. సోడాలోని వాయువు ఒత్తిడియే గోలీని పైకినెట్టి, మూతిలోని రబ్బరుచుట్టకు బిగించును. పాత సీసాలలో గోలీని లోపల వేసిన పిదపనే మూతిని తీర్చెడివారు. అందుచేత అచ్చు అతుకుగీత మెడదాక వచ్చి, పెదవికి దిగువనే ఆగిపోవును. గీత పెదవి మీదుగా సాగినచో అది యంత్రము చేసిన సీసాయని తలపవలెను. గోలీలకొరకు పిల్లలు పగులగొట్టినవి పోగా మిగిలిన పాత సీసాలను నేడు సేకరించువారు వెదకి కొనుచున్నారు.