మన నీరు – మన బిడ్డల పలువరుస

"మా వాడు ప్రతిదినము పండ్లు తోముచునే యున్నాడు, అయినను ఆ గోధుమవన్నె మరకలు పోవుట లేదు" అని మన తల్లులు పలువురు వాపోవుట కలదు. కొందరు బిడ్డనే మందలింతురు. తోటివారి పరిహాసమునకు జంకి, నోటికి చేయి యడ్డము పెట్టుకొని నవ్వు బాలబాలికలును కలరు. పెక్కు సందర్భములలో ఆ దోషము బిడ్డది కాదు. వాడు త్రాగిన నీటిది.

పాతపాళ్య, బాగేపల్లి, చింతామణి ప్రాంతములది గ్రానైటు రాతినేల. ఈ రాళ్ళయందలి కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. రాతి పగుళ్ళలో నీరు చిరకాలము నిలిచినకొలది అది కరగి నీటిలో కలియును. వర్షపు నీటిలో ఫ్లోరైడు అత్యల్పము. చెరువులు ఎండి, బోరుబావులు లోతునకు దిగినకొలది పెక్కుచోట్ల ఈ బెడద హెచ్చినది.

ఇది మనకొక్కరికే కలిగిన కష్టము కాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో, వెన్నును కీళ్ళును బిగిసిపోయిన రోగులను షార్టు అను వైద్యుడు సహచరులతో పరీక్షించి, త్రాగునీటి ఫ్లోరైడే అందులకు కారణమని ప్రకటించెను. నల్లగొండ సీమయు ఈ బాధను మిక్కిలి యనుభవించినది. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానమునకు ఆ ఊరి పేరే నిలిచినది.

అయినచో, ఒకే బావినీరు త్రాగువారందరికిని ఒకే తీరున బాధ కలుగదేల? వ్యాధికి తోడ్పడు సంగతులు అందరియందును సమానముగా నుండకపోవుటచేతనే. వీనినే అపాయహేతువు లందురు. అవి యుండినంతనే వ్యాధి వచ్చి తీరునని కాదు. వచ్చు అవకాశము హెచ్చునని భావము.

మొదటిది, ఫ్లోరైడు పరిమాణము. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. రెండవది, వయస్సు. సుమారు 8 ఏండ్లలోపు, స్థిరదంతములు చిగుళ్ళలోపల రూపొందుచుండగనే మరక యేర్పడును. పిమ్మట తోమినను పోదు. మూడవది, కాలము. ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలలో ఫ్లోరైడు పేరుకొనును. నాలుగవది, ఆహారలోపము. సున్నపుధాతువు (కాల్షియము) చాలనివారికి కీడు హెచ్చు. ఐదవది, మూత్రపిండముల దౌర్బల్యము.

వీనిలో వయస్సును మనము మార్పజాలము. నీటిని, ఆహారమును మార్పగలము. ఫ్లోరైడునకు రంగు, రుచి, వాసన లేవు. కావున నీరు తేటగానున్నదని నమ్మరాదు, పరీక్ష చేయింపవలెను. కాచినచో ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. శుద్ధిచేసిన నీటిని గాని, శుభ్రముగా పట్టియుంచిన వాననీటిని గాని త్రాగుటకే కాక వంటకును వాడవలెను. మన రాగిముద్ద ఈ విషయమున గొప్ప నేస్తము: 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పాలు, ఆకుకూరలు తోడైనచో మరింత మేలు.

తల్లిదండ్రులారా! ఏర్పడిన మరకకై బిడ్డను నిందింపకుడు, దంతవైద్యునికి చూపుడు. ఇంటిలో ఇంకను పసిబిడ్డ యున్నచో, నేడే వాని నీటిచెంబును గూర్చి యోచింపుడు. పెద్దవానికి తప్పిపోయిన మేలు చిన్నవానికైనను దక్కును.