పరమాణువు కూలిపోదేం? నూజివీడులో చదివిన రావు గారి లెక్క

మొన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఉంటే మా రూమ్మేట్ అడిగాడు: "క్వాంటమ్ లెక్కన లోపలంతా రాండమే అంటారు కదా. మరి ఈ రాయి, ఈ నీళ్లు, మనం ఎలా నిలబడ్డాం రా?" జవాబులో ఒక భాగం అప్పటి కృష్ణా జిల్లా బడుల్లో చదివిన ఒకాయన దగ్గర ఉంది.

ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఆయన పేపర్లోదే మనం చదివే క్రామర్–రావు అసమానత.

బ్యారేజీ దగ్గర నీటిమట్టం కొలుస్తున్నాం అనుకోండి. అలల వల్ల ప్రతి రీడింగూ కాస్త తేడాగా వస్తుంది. అసలు మట్టం గురించి ఒక్కో రీడింగ్ ఎంత చెబుతుందో, అది ఫిషర్ సమాచారం. అలలు తగ్గితే సమాచారం పెరుగుతుంది. పక్షపాతం లేని పద్ధతి ఏది వాడినా, అంచనా వేరియన్స్ '1 బై మొత్తం సమాచారం' కన్నా తగ్గదు. పొరపాటు సగం కావాలంటే సమాచారం నాలుగు రెట్లు కావాలన్నమాట.

ఇప్పుడు హైడ్రోజన్ పరమాణువు చూద్దాం. ఎలక్ట్రాన్ ఎక్కడుందో ముందే చెప్పలేం, సంభావ్యత మాత్రమే చెప్పగలం. కేంద్రకం లాగుతున్నా అది అందులో పడిపోదేం? గ్రౌండ్ స్టేట్‌లో ఎలక్ట్రాన్ గతిశక్తి, దాని స్థానపు ఫిషర్ సమాచారానికి సరిగ్గా అనులోమానుపాతంలో ఉంటుంది. ఎలక్ట్రాన్‌ను సగం చోటులోకి ఇరికిస్తే సమాచారం నాలుగు రెట్లు, గతిశక్తీ నాలుగు రెట్లు! ఆకర్షణ వల్ల కలిసొచ్చే శక్తి మాత్రం రెండు రెట్లే. అందుకే సుమారు 0.53 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర బేరం కుదురుతుంది. అంతకన్నా కుదించుకోవడం ఎలక్ట్రాన్‌కి నష్టమే. రాయంత పెద్ద వస్తువుకైతే పౌలీ నియమం కూడా తోడవ్వాలి.

1989లో జాన్ వీలర్ ఇంకా ముందుకెళ్లి, వస్తువు బిట్ నుంచే పుడుతుందన్నాడు. 1998లో రాయ్ ఫ్రీడెన్ ఫిషర్ సమాచారం నుంచే భౌతిక సూత్రాలు రాబట్టొచ్చని పుస్తకం రాశాడు, అందరూ ఒప్పుకోలేదు. పదార్థం పుట్టుక సమాచారం నుంచే అన్నది ఇంకా ఆలోచనే, నిరూపణ కాదు. పరమాణువు నిలబడే లెక్క మాత్రం గట్టిదే.

రావు గారికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. ఆ ఆగస్టులోనే, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇదంతా విని మా రూమ్మేట్, "అయితే మనం నిలబడింది రాండమ్ వల్లేనా?" అన్నాడు. సగం అవును, అన్నాను.